ఎంబెజిల్‌మెంట్: అప్పగించిన సొమ్ము దారి తప్పితే అది ఏ నేరం?

గోదావరి డెల్టాలో వ్యవహారాలు చాలా వరకు మాట మీద, ముఖపరిచయం మీద నడుస్తాయి. సార్వా ధాన్యం మిల్లుకు తోలడం, చెరువు పట్టిన చేపలను కమీషన్ వ్యాపారికి అప్పజెప్పడం, నెలనెలా చీటీ సొమ్ము కట్టడం, సొసైటీలో పంట రుణం వాయిదా జమ చేయడం, హైదరాబాదులోనో విదేశంలోనో ఉంటూ కొబ్బరితోటను బావమరిది చేతికి వదిలిపెట్టడం ఇక్కడ నిత్యం జరిగేవే. వీటిలో ఏదో ఒకటి బెడిసికొట్టినప్పుడు ‘ముంచేశాడు’, ‘తినేశాడు’, ‘మోసం చేశాడు’, ‘ఐపీ పెట్టేశాడు’ అన్న మాటలు ఒకదాని బదులు ఒకటిగా వాడేస్తారు. వినేవారికి అన్నీ ఒకే బాధను చెబుతాయి. చట్టం మాత్రం వాటిని వేర్వేరు గదుల్లో పెడుతుంది. ఏ గదిలో పెడుతుందన్న దాన్ని బట్టే పోలీసు స్టేషన్‌కు వెళ్లాలా, సివిల్ కోర్టుకు వెళ్లాలా, అసలు సొమ్ము తిరిగొచ్చే దారి ఉందా అన్నవి తేలతాయి. ఆ గదుల్లో ఒకదాని పేరే ఎంబెజిల్‌మెంట్. ఆడిట్ నివేదికల్లో, శాఖాపరమైన అభియోగ పత్రాల్లో, ఇంగ్లిషు పత్రికల్లో తరచుగా కనిపించే ఈ మాటకు ఉన్న పరిధి చాలామంది అనుకునే దానికంటే ఇరుకైనది.

ఒకరి సొమ్ము మరొకరి చేతికి న్యాయంగా, నమ్మకంతో వచ్చి, ఆ తర్వాత ఆ చేతిలోనే దురుద్దేశంతో సొంతమైపోవడాన్ని ఎంబెజిల్‌మెంట్ అంటారు. ఇందులో కీలకమంతా కాలక్రమంలో ఉంది. దొంగతనంలో సొమ్ము చేతికి రావడమే అన్యాయంగా వస్తుంది. మోసంలో సొమ్మును యజమానే ఇస్తాడు గాని, ఎదుటివాడు చెప్పిన అబద్ధాన్ని నమ్మి ఇస్తాడు, అంటే దురుద్దేశం సొమ్ము కంటే ముందే పుట్టి ఉంటుంది. ఎంబెజిల్‌మెంట్‌లో సొమ్ము చేతికి వచ్చిన నాటికి తప్పేమీ ఉండదు. గుమస్తా నిజంగానే గుమస్తా, రసీదు నిజమైన రసీదు, నమ్మకం కూడా నిజమైనదే. బుద్ధి చెడేది ఆ తర్వాత. అందుకే ఈ నేరాన్ని సాధారణంగా బయటివాళ్లు చేయలేరు. తాళంచెవి చేతిలో ఉన్నవాడే చేస్తాడు.

ఇంగ్లండ్ న్యాయశాస్త్రానికి ఈ సంగతి అర్థం కావడానికి శతాబ్దాలు పట్టింది. పాత ఇంగ్లిషు చట్టంలో దొంగతనమంటే ఇంకొకరి స్వాధీనంలో ఉన్నదాన్ని లాక్కోవడమే. యజమానే స్వయంగా చేతికి ఇచ్చిన వస్తువును కాజేసినవాడు దొంగ ఎలా అవుతాడన్న ప్రశ్నకు అక్కడి న్యాయమూర్తుల దగ్గర చాలాకాలం సరైన జవాబు లేదు. 1473లో సౌతాంప్టన్‌కు చేర్చమని ఒక వర్తకుడు ఇచ్చిన మూటలను రవాణాదారు దారిలో విప్పి సరుకు తీసుకున్నాడు. మూట విప్పడంతోనే అతడికి ఉన్న న్యాయమైన స్వాధీనం ముగిసిపోయిందని, అందువల్ల లోపలి సరుకు తీసుకోవడం దొంగతనమేనని ఆనాటి న్యాయమూర్తులు తీర్మానించారు. మూట విప్పకుండా మొత్తంగా అమ్ముకుంటే దొంగతనం కాదన్న వింత అర్థం కూడా ఈ తర్కంలోనే దాగి ఉంది. పాలకొల్లు నుంచి బయలుదేరిన లారీలో డ్రైవరు పది బస్తాలు దించి అమ్మితే దొంగ, లారీ సరుకంతా అమ్మేస్తే దొంగ కాడు అన్నట్టు తేలే ఈ వాదన నిలబడేది కాదని ఎవరికైనా తెలుస్తుంది. అయినా అది నిలబడింది.

1799లో బేజ్‌లీ అనే బ్యాంకు ఉద్యోగి కేసుతో ఆ లోపం బట్టబయలైంది. ఖాతాలో జమ చేయమని ఖాతాదారు ఇచ్చిన సొమ్ములోంచి నూరు పౌండ్ల నోటు ఒకటి అతడు జేబులో వేసుకున్నాడు. ఆ నోటు బ్యాంకు పెట్టెలోకి ఎన్నడూ చేరలేదు కాబట్టి బ్యాంకు స్వాధీనంలోంచి దొంగిలించినట్టు కాదని న్యాయమూర్తులు భావించారు. అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు, యజమాని తరఫున సొమ్ము పుచ్చుకుని సొంతం చేసుకునే గుమస్తాలను, సేవకులను శిక్షించేలా చట్టం చేసింది. ఎంబెజిల్‌మెంట్ అన్న మాట నేరం పేరుగా స్థిరపడింది అప్పుడే. తర్వాత 1968లో వచ్చిన థెఫ్ట్ యాక్ట్ దొంగతనానికి కొత్త నిర్వచనం ఇచ్చి, ఈ నేరాన్ని అందులోనే కలిపేసింది. పుట్టిన దేశంలో నేరం పేరుగా చెల్లిపోయినా, అమెరికాలో ఆ పేరు ఇప్పటికీ చట్టాల్లో కొనసాగుతోంది.

భారతదేశంలో పరిస్థితి మొదటి నుంచీ వేరు. మెకాలే నాయకత్వంలోని కమిషన్ 1837లో ముసాయిదా సిద్ధం చేయగా, 1860లో చట్టమై 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత శిక్షాస్మృతి ఈ ఇంగ్లిషు చిక్కుముడిని నెత్తిన పెట్టుకోలేదు. 405వ సెక్షన్‌లో ‘క్రిమినల్ బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్’, అంటే నేరపూరిత నమ్మకద్రోహం అన్న పేరుతో గుమస్తాకు, రవాణాదారుకు, గిడ్డంగి యజమానికి, ప్రభుత్వోద్యోగికి అందరికీ వర్తించే ఒకే నిర్వచనాన్ని ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత అదే నిర్వచనాన్ని 316వ సెక్షన్‌లోకి తెచ్చింది. మామూలు సందర్భాల్లో పాత చట్టం కింద గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు ఉండగా కొత్త చట్టం దాన్ని 5 ఏళ్లకు పెంచింది. రవాణాదారులకు, గిడ్డంగి నడిపేవారికి, గుమస్తాలకు, సేవకులకు 7 ఏళ్ల వరకు, ప్రభుత్వోద్యోగులకు, బ్యాంకర్లకు, వర్తకులకు, దళారులకు, ఏజెంట్లకు 10 ఏళ్ల వరకు లేదా యావజ్జీవ శిక్ష పడవచ్చు. నమ్మకం ఎంత పెద్దదైతే శిక్ష అంత పెద్దదన్న వరుస ఇందులో స్పష్టంగా ఉంది. కాబట్టి మన దేశంలో ‘ఎంబెజిల్‌మెంట్ కేసు’ అని రాసిన ప్రతిచోటా చట్టపరంగా ఉద్దేశించేది సాధారణంగా ఈ నమ్మకద్రోహాన్నే.

తెలుగు పత్రికల్లో దీనికి ఎక్కువగా కనిపించే మాట ‘నిధుల దుర్వినియోగం’. ఈ వాడుకలో ఒక ఇబ్బంది ఉంది, అది చిన్నదేమీ కాదు. మురుగుకాలువ పూడికతీతకు వచ్చిన నిధులను పంచాయతీ వాళ్లు రోడ్డు మరమ్మతుకు ఖర్చు పెట్టినా దుర్వినియోగమే అంటున్నారు, అదే నిధులను దొంగ బిల్లులతో జేబులో వేసుకున్నా దుర్వినియోగమే అంటున్నారు. మొదటిది నిధుల మళ్లింపు. దానికి నిబంధనల ఉల్లంఘన కింద సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు గాని, అందులో ఎవరూ తిన్నది ఉండకపోవచ్చు. రెండోది మాత్రమే ఎంబెజిల్‌మెంట్. రెండింటికీ ఒకే మాట వాడితే నిర్దోషి మీద మచ్చ పడుతుంది, దోషి చేసిన పని పలచబడుతుంది. ‘స్వాహా’, ‘గోల్‌మాల్’ వంటి మాటలకు శీర్షికల్లో పదును ఉన్నా, ఆడిట్ పూర్తి కాకముందే అవి తీర్పు చెప్పేస్తాయి. లెక్కల్లో తేడా మాత్రమే కనిపించిన దశలో ‘అవకతవకలు’, సొంతానికి వాడుకున్నారన్న ఆరోపణ నమోదైన తర్వాత ‘కాజేశారన్న అభియోగం’ అని రాయడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

ఈ నేరం ఆచరణలో ఎలా జరుగుతుందో తెలియాలంటే ఊరి వ్యవసాయ సహకార సొసైటీ లెక్కల పుస్తకాలను దగ్గరగా చూడాలి. దాళ్వా కోతలయ్యాక ఒక రైతు పంట రుణం కింద 60,000 రూపాయలు తెచ్చి సొసైటీ ఉద్యోగి చేతికిచ్చాడనుకుందాం. రైతుకు రసీదు అందుతుంది, దాని మీద 60,000 అనే ఉంటుంది. ఆఫీసులో ఉండే నకలు మీద అంకె మారుతుంది, లేదా ఆ రోజు చిట్టాలో ఆ జమ అసలు ఎక్కదు. రెండు వారాల తర్వాత ఇంకొక రైతు కట్టిన సొమ్మును మొదటి రైతు ఖాతాలో జమ చూపిస్తారు. రెండో రైతు లోటును మూడో రైతు సొమ్ముతో పూడుస్తారు. ఇలా గుంతలు తవ్వి గుంతలు పూడ్చడం కోతల కాలమంతా సాగుతుంది, ఎందుకంటే అప్పుడు వసూళ్లు ఆగకుండా వస్తుంటాయి. వసూళ్లు తగ్గిన నెలల్లో చివరి గుంత పూడదు. అప్పుడు పుస్తకంలో ‘చేతి నిల్వ’ పేరిట పెద్ద మొత్తం కనిపిస్తుంది గాని ఇనప్పెట్టె తెరిస్తే ఆ నగదు ఉండదు. ఎరువుల గోదాములోనూ ఇదే తీరు: నిల్వ రిజిస్టరులో యూరియా బస్తాలు ఉంటాయి, నేల మీద ఉండవు.

ఇది బయటపడేది కూడా పుస్తకాల్లోంచి కాదు. ఆఫీసులో కూర్చుని లెక్కలు కూడితే అన్నీ సరిపోతాయి. ఆడిటరు ఊళ్లోకి వెళ్లి రైతు దగ్గరున్న రసీదును, పాస్‌బుక్కును అడిగి, సొసైటీ ఖాతాతో పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తేడా కనిపిస్తుంది. రసీదు భద్రపరచుకునే రైతు తన సొమ్మునే కాదు, సొసైటీ సొమ్మును కూడా కాపాడుతున్నాడని చెప్పడంలో అతిశయోక్తి లేదు. ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం, 1964లోని 51వ సెక్షన్ కింద విచారణ జరిపించడానికి, 60వ సెక్షన్ కింద సర్‌చార్జి విధించి నష్టాన్ని బాధ్యుల నుంచి రాబట్టడానికి వీలుంది. ఇది సొమ్ము రాబట్టే దారి. నేరానికి శిక్ష వేయించే దారి వేరు. ఒకటి మొదలైందని రెండోది ఆగిపోదు.

పట్టుబడినప్పుడు ఎక్కువగా వినిపించే సమాధానం ‘అవసరానికి వాడుకున్నాను, మళ్లీ కట్టేద్దామనుకున్నాను’ అన్నది. మానవీయంగా అర్థం చేసుకోదగినదే అయినా చట్టం దీన్ని ఒప్పుకోదు. ఇతరుల సొత్తును సొంతానికి వాడుకోవడం గురించి చెప్పే సెక్షన్‌కు (పాతది 403, కొత్తది 314) ఉన్న మొదటి వివరణ, కొద్దికాలం కోసం దురుద్దేశంతో వాడుకున్నా అది నేరమేనని సూటిగా చెబుతుంది. దానికిచ్చిన ఉదాహరణలో ఒక వ్యక్తి తనకు దొరికిన ఇంకొకరి ప్రభుత్వ ప్రామిసరీ నోటును, తర్వాత తిరిగి ఇచ్చేద్దామన్న ఉద్దేశంతోనే, బ్యాంకరు దగ్గర తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. అతడు నేరం చేసినట్టే. తిరిగి కట్టడం శిక్ష తగ్గడానికి పనికిరావచ్చు, చేసిన నేరాన్ని చేయనట్టు మాత్రం చేయలేదు.

సొంతానికి వాడుకోలేదు, మంచి పనికే ఖర్చు పెట్టాను అన్న సమాధానం ఇంకా జటిలమైనది. గోదావరి ఒడ్డున ఉన్న తెలుగువారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. భద్రాచలం తహశీల్దారుగా కంచెర్ల గోపన్న వసూలు చేసిన పన్ను సొమ్మును రాములవారి గుడికి వెచ్చించాడని, అందుకు తానీషా ఆయనను గోల్కొండలో ఖైదు చేయించాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. భక్తి దృష్టితో చూస్తే ఆయన రామదాసు. రాజ్యం ఖజానా దృష్టితో చూస్తే అప్పగించిన సొమ్ముకు లెక్క చెప్పని అధికారి. నేటి చట్టం ‘దురుద్దేశం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో, సొమ్ము తీసుకున్నవాడికే లాభం కలగాలన్న షరతు లేదు. ఎవరికో ఒకరికి అక్రమ లాభం గాని, ఎవరికో ఒకరికి అక్రమ నష్టం గాని కలిగించాలన్న ఉద్దేశం ఉంటే చాలు. ఖర్చు పెట్టిన పని పుణ్యకార్యమైనంత మాత్రాన, అప్పగించినవారి అనుమతి లేని లోటు భర్తీ కాదు. అయితే నిజంగా మంచి నమ్మకంతో, యజమానికే మేలు చేద్దామనుకుని చెప్పిన పద్ధతి తప్పినవాణ్ని చట్టం వదిలిపెడుతుంది. ఫలానా చోట పెట్టుబడి పెట్టమని యజమాని పంపిన సొమ్మును, అతడికి అంతకంటే మేలన్న నమ్మకంతో ఏజెంటు ఇంకోచోట అతడి పేరిటే పెట్టాడు, దానివల్ల నష్టం వచ్చింది. ఏజెంటు మీద సివిల్ దావా వేయవచ్చు గాని అతడు నేరస్థుడు కాడని సెక్షన్‌లోని ఉదాహరణే చెబుతుంది. తోట చూసుకుంటున్న బావమరిది కొబ్బరి అమ్మిన సొమ్మును బ్యాంకులో వేయకుండా చెట్లకు ఎరువు వేయిస్తే అది లెక్కల తగాదా. అదే సొమ్మును దాచి, కాపు లేదని చెబితే కథ మారుతుంది.

డెల్టాలో అన్నిటికంటే పెద్ద ఎత్తున సాగే అప్పగింత కస్టమ్ మిల్లింగ్. ప్రభుత్వం రైతుల దగ్గర కొన్న ధాన్యాన్ని మండపేట, తణుకు, భీమవరం పరిసరాల్లోని మిల్లులకు ఆడించడానికి ఇస్తుంది. క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చిబియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. ధాన్యం మిల్లు ఆవరణలో ఉన్నంతకాలం మిల్లరుది కాదు, అతడు ఆడించి ఇచ్చేవాడు మాత్రమే. ఆ ధాన్యాన్ని బయట అమ్ముకుని గడువుకు బియ్యం ఇవ్వకపోతే ‘బాకీ పడ్డాడు’ అనడం సరికాదు, ఎందుకంటే అది అప్పు కాదు. ఇలాంటి పరిస్థితికే సరిపోయే తీర్పు ఒకటి 1960లో సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. టెక్స్‌టైల్ కమిషనరు రంగు వేయడానికి ఇచ్చిన వస్త్రాన్ని ఒక అద్దకం మిల్లు తిరిగి ఇవ్వలేదు. జైకృష్ణదాస్ మనోహర్‌దాస్ దేశాయ్ కేసుగా పేరుపడిన అందులో, అప్పగింత రుజువైన తర్వాత సరుకు ఏమైందో నిందితులు నమ్మదగిన లెక్క చెప్పలేకపోతే దురుద్దేశాన్ని ఊహించవచ్చని, ఎలా కాజేశారన్న వివరమంతా ప్రాసిక్యూషన్ రుజువు చేయనక్కర్లేదని కోర్టు స్పష్టం చేసింది. దీనికి ఎదురుగా 1968 నాటి జస్వంత్‌లాల్ నాథాలాల్ కేసు ఉంది. ప్రభుత్వ నిర్మాణానికి వాడాలన్న షరతుతో ఒక కాంట్రాక్టరుకు ధర కట్టి ఇచ్చిన సిమెంటు అది. అమ్మకం జరిగిపోయాక, షరతు ఉన్నా దాన్ని అప్పగింత అనలేమని సుప్రీంకోర్టు చెప్పింది. షరతు తప్పడం వేరు, ఇంకొకరి సొత్తును మింగడం వేరు.

చేపల వ్యాపారంలో ఈ తేడా ఒక్క మాట మీద నిలుస్తుంది. ఆకివీడు చెరువు రైతు కిలో ఇంత అని ధర మాట్లాడుకుని లోడును వ్యాపారికి అరువు మీద అమ్మితే, లారీ కదిలిన క్షణం నుంచి చేప వ్యాపారిది, రైతుకు రావాల్సింది బాకీ మాత్రమే. ఆ బాకీ ఎగ్గొడితే, మొదటి నుంచీ ఎగ్గొట్టే ఉద్దేశంతోనే లోడు ఎత్తాడని చూపగలిగితే తప్ప నేరం నిలవదు. అదే చేపను రైతు తరఫున కోల్‌కతా మార్కెట్లో అమ్మి, కమీషన్ మినహాయించుకుని మిగతాది పంపుతానని ఏజెంటు తీసుకెళితే, అమ్మిన సొమ్ము కూడా రైతుదే. దాన్ని సొంత వ్యాపారంలో తిప్పుకోవడం 316వ సెక్షన్‌లోకి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ చెరువు గట్టు మీద కనిపించే దృశ్యం ఒక్కటే: వల, కాటా, ఐసు, లారీ. తేడా అంతా పట్టీ మీద రాసిన మాటలో ఉంటుంది. ఏమీ రాయనప్పుడు తేడా పోయి వివాదం మిగులుతుంది.

‘ఐపీ పెట్టడం’ కూడా ఇక్కడే అర్థం చేసుకోవాలి. అప్పుల్లో మునిగినవాడు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద దివాలా పిటిషను వేసుకోవడం నేరం కాదు, చట్టం ఇచ్చిన ఆసరా. అయితే అదే చట్టంలోని 44వ సెక్షన్, మోసం ద్వారాగాని మోసపూరిత నమ్మకద్రోహం ద్వారాగాని తలకెత్తుకున్న బాధ్యతల నుంచి దివాలాదారుకు విముక్తి ఇవ్వదు. చీటీలు నడిపి ఊరు విడిచి పోయినవారి సంగతి ఈ గీత మీదే తిరుగుతుంది. పాట పాడుకున్న సభ్యుడికి ఇవ్వడం కోసం మిగతావారు కట్టిన సొమ్మును నిర్వాహకుడు సొంతానికి మళ్లించాడా, లేక పాడుకున్న సభ్యులే కట్టకపోవడంతో చీటీ కూలిందా అన్నది తేల్చాలి. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషను తప్పనిసరి చేసింది ఇందుకే. రిజిస్టరైన చీటీకి లెక్కలు ఉంటాయి, అరుగు మీద నడిచే చీటీకి ఒక నోటుపుస్తకం ఉంటుంది, అదీ నిర్వాహకుడి ఇంట్లోనే.

బ్యాంకులో వేసిన డబ్బు విషయంలో ఒక అపోహను తొలగించాలి. ఖాతాలో జమ చేసిన నగదు బ్యాంకు సొత్తవుతుంది, ఖాతాదారు బ్యాంకుకు అప్పిచ్చినవాడవుతాడు. అందుకే బ్యాంకు ఆ సొమ్మును రుణాలుగా ఇవ్వడం నమ్మకద్రోహం కాదు. తాకట్టు పెట్టిన గాజులు, గొలుసులు మాత్రం ఎన్నేళ్లున్నా తాకట్టు పెట్టినవారివే. వాటిని కవరులోంచి తీసి నకిలీవి పెట్టే ఉద్యోగి, లేదా వాటినే ఇంకోచోట తన అప్పుకు తాకట్టు పెట్టే ఉద్యోగి చేసేది ఈ నేరానికి సిసలైన రూపం.

ఫిర్యాదు నమోదులో ఈ విచక్షణ తరచుగా కనిపించదు. పాత చట్టంలో నమ్మకద్రోహానికి శిక్ష చెప్పే 406, మోసానికి శిక్ష చెప్పే 420 సెక్షన్లను జంటగా రాసేయడం ఒక అలవాటుగా మారింది. 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా తప్పుపట్టింది. మోసంలో దురుద్దేశం మొదటే ఉండాలి, నమ్మకద్రోహంలో అప్పగింత న్యాయంగా జరిగి ఉండాలి, కాబట్టి ఒకే సంఘటనలో ఒకే సొత్తు విషయంలో రెండూ కలిసి ఉండలేవని చెప్పింది. బాధితుడికి దీని ఫలితం నేరుగా తగులుతుంది. ఏ తేదీన, ఏ పని కోసం, ఏమని చెప్పి సొమ్ము ఇచ్చారో ఫిర్యాదులో లేకపోతే, ‘నమ్మించి మోసం చేశాడు’ అన్న వాక్యం ఎంత నిజమైనా కేసు మొదటి మెట్టు మీదే జారిపోవచ్చు.

ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని సొమ్ము కట్టించి రాజీ చేయడం డెల్టాలో ఇప్పటికీ ఉంది. దానికి చట్టంలో కొంత చోటు కూడా ఉంది. మామూలు వ్యక్తి, రవాణాదారు, గుమస్తా చేసిన నమ్మకద్రోహాన్ని సొత్తు యజమాని కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. ప్రభుత్వోద్యోగి, బ్యాంకరు, దళారి, ఏజెంటు హోదాలో చేసిన దానికి ఆ వీలు లేదు. సొసైటీ ఉద్యోగి ఈ రెండింటిలో ఏ వరుసలోకి వస్తాడన్నది చాలా కేసుల్లో వాదనకు వచ్చే అంశం. ఏ వరుసలోకి వచ్చినా, రాజీ చేసుకునే హక్కు ఉండేది సొమ్ము యజమానికి. అక్కడ యజమాని సొసైటీ, అంటే సభ్యులైన రైతులందరూ. అధ్యక్షుడికి, ఇద్దరు ముగ్గురు పెద్దలకు వారందరి తరఫున మాఫీ చేసే అధికారం లేదు.